పాత టెట్రిస్‌తో పోటీ పెడితే ఏ పద్ధతి మేలు?

టెట్రిస్‌లో పైనుంచి పడే ముక్కలను పేర్చి, అడ్డంగా నిండిన వరసలను చెరుపుతూ పోవాలి. లెవెల్ పెరిగేకొద్దీ ముక్కలు వేగంగా పడతాయి. ఇప్పుడీ పోటీ చూడండి. పక్కపక్కన రెండు టీవీలు, రెండు కన్సోల్‌లు. ఎడమవైపు ఆటగాడి ముక్కలు పైదాకా పేరుకుపోయి ఆట ఆగిపోయింది. అతని స్కోరు 6,40,000. కుడివైపు అమ్మాయి ఇంకా ఆడుతూనే ఉంది. లెవెల్ 19, స్కోరు 5,90,000. ఇప్పుడు గెలిచింది ఎవరు?

ముందు పడిపోయినవాడు ఓడినట్టే అని కొందరంటారు. ఆ క్షణానికి ఎవరి స్కోరు ఎక్కువుంటే వాళ్లదే గెలుపు అని ఇంకొందరు. మూడో పద్ధతిలో ఆమెను ఆడనివ్వాలి. అతని స్కోరు దాటిందా, గెలిచినట్టు. దాటకముందే పడిపోయిందా, ఓడినట్టు. 2010లో మొదలైన క్లాసిక్ టెట్రిస్ వరల్డ్ ఛాంపియన్‌షిప్‌లో నడిచేది ఈ మూడోదే.

నా ఓటూ దానికే. ఎందుకో చెప్పాలంటే ఆట లెక్కల్లోకి కాస్త దిగాలి. నేను చెప్పేది 1989లో నింటెండో తన ఎన్‌ఈఎస్ కన్సోల్‌కి తెచ్చిన టెట్రిస్ గురించి. ఆ క్యాసెట్‌లో ఇద్దరు కలిసి ఆడే మోడ్ లేదు. అంటే పోటీ అనేది మనం బయటినుంచి తగిలించుకున్నదే. రూలు మారితే గెలిచే మనిషే మారిపోతాడు, అందుకే పోటీ పెట్టేవాళ్లు ముందు కూర్చుని తేల్చుకోవాల్సింది ఇదే.

స్కోరా, నిలబడటమా?

ఒక వరస చెరిపితే 40 పాయింట్లు, రెండు కలిపి చెరిపితే 100, మూడైతే 300, నాలుగు ఒకేసారి లేపేస్తే 1,200. లెవెల్ నంబరుకు ఒకటి కలిపి, దానితో వీటిని గుణించాలి. లెవెల్ 18లో నాలుగు వరసలను ఒక్కొక్కటిగా చెరిపితే మొత్తం 3,040 వస్తుంది. అవే నాలుగింటిని నాలుగు గళ్ల పొడుగు కడ్డీ ముక్కతో ఒక్క దెబ్బకు చెరిపితే 22,800. ఏడున్నర రెట్లు!

పడిపోకుండా ఉన్నవాళ్లే విజేత అని రూలు పెట్టామనుకోండి. అప్పుడు ఈ ఏడున్నర రెట్ల ఆశ ఎవరికీ ఉండదు. దొరికిన వరసను దొరికినట్టు చెరుపుకుంటూ, గుట్టను కిందనే ఉంచుకుంటూ పోతారు. ఆడేవాళ్లకు అది క్షేమమే, చూసేవాళ్లకు మాత్రం నిద్రొస్తుంది. స్కోరుతో పోటీ అయితే ఒక నిలువు వరసను ఖాళీగా వదిలి, మిగతా తొమ్మిదీ పైకి పేర్చుకుంటూ కడ్డీ కోసం ఎదురుచూడాలి. గుట్ట పెరిగేకొద్దీ టెన్షన్ పెరుగుతుంది. ఎంతవరకు ఆగాలి, ఎప్పుడు ఆశ వదులుకోవాలి అన్న తీర్పులోనే ఈ ఆటలోని పనితనమంతా ఉంది.

రెండో పద్ధతి, అంటే ఒకరు పడగానే స్కోర్లు పోల్చేయడం, పైకి న్యాయంగానే కనిపిస్తుంది. కానీ అందులో పెద్ద చిల్లు ఉంది. ముందంజలో ఉన్నవాడు కావాలనే ముక్కలన్నీ నడిమధ్యలో పడేసి తన ఆట తానే ముగించుకోవచ్చు! ఎదుటివాళ్లు నాలుగు వరసలు చెరపడానికి సిద్ధంగా ఉన్న క్షణం చూసుకుని మరీ చేయొచ్చు. మంచి స్నేహితుల మధ్య ఎవరూ చేయరంటారా? కప్పు బల్ల మీద కనిపిస్తుంటే చేస్తారు.

ఇక మూడో పద్ధతిలో ఆ అమ్మాయి పరిస్థితి చూడండి. ఆమెకు కావాల్సింది 50,001 పాయింట్లు. లెవెల్ 19లో నాలుగు వరసల దెబ్బకు 24,000. రెండు దెబ్బలు కొడితే 48,000, ఇంకా 2,000 తక్కువ. మూడో కడ్డీ కోసం మళ్లీ గుట్ట పేర్చాలా? లేక ఒక్కో వరసకు 800 చొప్పున మూడు వరసలు చెరిపేసి 2,400తో గట్టెక్కాలా? రెండోదే తెలివైన దారి. కానీ సెకనుకో ముక్క చొప్పున పడుతుండగా, పక్క కుర్చీలోవాడు చేతులు కట్టుకుని తన స్క్రీనే చూస్తుండగా, ఆ కూడికలు తలలో చేయడం అంత తేలిక కాదు. అందుకే పక్కన స్కోర్ల తేడా పెద్ద అక్షరాల్లో రాసి చూపించే మనిషిని ఒకరిని పెట్టడం మంచిది.

నాలుగో దారి కూడా ఉంది. చేతిలో పట్టుకుని ఆడే గేమ్‌బాయ్ టెట్రిస్‌లో రెండు మెషీన్లను కేబుల్‌తో కలిపి ఆడితే, మనం రెండు వరసలు చెరిపినప్పుడు ఎదుటివాళ్ల గుట్టకు కిందినుంచి ఒక వరస తోడవుతుంది. మూడుకు రెండు, నాలుగుకు నాలుగు. ఇది అసలు సిసలు కొట్లాట. వచ్చేవాళ్లలో ఎక్కువమంది కొత్తవాళ్లయితే నేను దీన్నే పెడతాను. గెలుపోటములు చూడగానే అర్థమవుతాయి, ఎవరికీ లెక్కలు చెప్పనక్కర్లేదు.

ఇద్దరికీ ఒకే ముక్కలా, ఎవరి అదృష్టం వాళ్లదా?

అన్నిటికంటే ఎక్కువ వాదన నడిచేది ఇక్కడే.

కొత్త టెట్రిస్ ఆటల్లో ఏడు రకాల ముక్కలనూ ఒక సంచిలో వేసి, ఒక్కోటీ తీసి ఇస్తారు. సంచి ఖాళీ అయ్యాకే మళ్లీ నింపుతారు. కాబట్టి రెండు కడ్డీల మధ్య ఎంత దురదృష్టం ఉన్నా పన్నెండు ముక్కలకు మించి రావు. పాత ఎన్‌ఈఎస్ ఆటలో అలాంటి భరోసా లేదు. అది ఎనిమిది ముఖాల పాచిక లాంటిది. ఏడు ముఖాల మీద ఏడు ముక్కలు, ఎనిమిదోది ఖాళీ. ఖాళీ పడినా, ఇంతకుముందు వచ్చిన ముక్కే మళ్లీ పడినా ఇంకొక్కసారి వేస్తుంది, ఈసారి ఏడు ముక్కల్లో ఏది పడితే అదే ఖాయం. దానికి గుర్తుండేది చివరి ముక్క ఒక్కటే. ఇప్పటినుంచి వచ్చే ఇరవై ముక్కల్లో ఒక్క కడ్డీ కూడా లేకపోవడానికి అవకాశం వందకు దాదాపు మూడు. తక్కువే అనిపిస్తుంది కదా? కానీ లెవెల్ 18లో ఆట మొదలుపెట్టి 29 దాకా వెళ్లేసరికి 570కి పైగా ముక్కలు పడతాయి. ఏదో ఒకచోట కరువు రాక తప్పదు.

మేం నలుగురం కలిసి ఆడుకున్న ఒక సాయంత్రం ఎవరి ముక్కలు వాళ్లకే వదిలేశాం. ఒకరికి కడ్డీ కోసం ఎదురుచూసి ఎదురుచూసి గుట్ట మెడదాకా వచ్చింది. పక్కవాడికేమో వరసగా మూడు కడ్డీలు ఇట్టే దొరికాయి. ఓడినవాడు ఏమీ అనలేదు. గెలిచినవాడే "ఇది లెక్కలోకి తీసుకోవద్దులే" అన్నాడు. అప్పుడే అర్థమైంది, ఈ రూలు గెలిచినవాడికి కూడా తృప్తినివ్వదని.

ఒకే సీడ్, అంటే ముక్కల వరసను నిర్ణయించే అంకె, పెడితే ఇద్దరికీ అదే వరసలో అవే ముక్కలు వస్తాయి. కరువు వస్తే ఇద్దరికీ కరువే. అసలు క్యాసెట్‌లో ఈ వీలు లేదు, మార్పు చేసిన రోమ్ (ఆట ప్రోగ్రామ్) కావాలి. సాధన కోసం చాలామంది వాడే టెట్రిస్‌జిమ్ అనే అలాంటి రోమ్‌లో సీడ్ మనమే ఇచ్చుకోవచ్చు. ఒక్క జాగ్రత్త, ఆ సీడ్ ఆటకు ముందు అప్పటికప్పుడు పాచికలు వేసి తీయాలి, అంపైర్ మాత్రమే ఎక్కించాలి. ముందురోజే తెలిసిన సీడ్, లీకైన ప్రశ్నపత్రంతో సమానం.

దీనిమీద రెండు అభ్యంతరాలు వింటుంటాను. ఒకటి, వెనకబడినవాళ్లు పక్క స్క్రీన్ చూసి రాబోయే ముక్కలు తెలుసుకుంటారని. లెవెల్ 18లో ముక్క పైనుంచి కిందికి రావడానికి పట్టేది ఒక్క సెకను. ఆ సెకనులో పక్కకు చూసేంత తీరిక ఉన్నవాళ్లను నేనింతవరకు చూడలేదు. వెనకనుంచి అరిచి చెప్పే స్నేహితులు మాత్రం నిజంగానే ఉంటారు, వాళ్లను దూరంగా కూర్చోబెట్టండి. రెండోది, పాత ఆటలోని సహజత్వం పోతుందని. ఆ మాటలో కొంత నిజముంది. కానీ ఒంటరిగా రికార్డు కోసం ఆడేటప్పుడు సహజత్వం ఎలాగూ ఉంటుంది, ఇద్దరిని పోల్చేటప్పుడు మాత్రం కొలబద్ద ఒకటే ఉండాలి.

నా తీర్పు: ముఖాముఖి మ్యాచ్‌లకు ఒకే సీడ్. క్వాలిఫయింగ్‌కు అక్కర్లేదు. రెండు గంటల టైమిచ్చి, ఎన్నిసార్లయినా ఆడుకోండి, మీ అత్యధిక స్కోరే లెక్క అంటే చాలు. అన్ని ప్రయత్నాల్లో అదృష్టం దానంతట అదే సర్దుకుంటుంది.

ఆట ఎక్కడ ఆపాలి?

ఎన్‌ఈఎస్ సెకనుకు దాదాపు 60 ఫ్రేములు చూపిస్తుంది. లెవెల్ 18లో ముక్క ఒక గడి దిగడానికి 3 ఫ్రేములు, 19 నుంచి 28 దాకా 2, లెవెల్ 29లో 1. అంటే 29లో ఇరవై గళ్లూ మూడోవంతు సెకనులో దిగిపోతుంది. బటన్ నొక్కిపట్టుకుంటే ముక్క పక్కకు జరిగేది సెకనుకు పది గళ్లే కాబట్టి, ఆ వేగంలో అది గోడదాకా చేరదు. అందుకే చాలా ఏళ్లు 29ని కిల్ స్క్రీన్ అన్నారు. ఆట తనంతట తానే ముగిసేది, నిర్వాహకులకు ఆ దిగులు ఉండేది కాదు.

తర్వాత బటన్‌ను నొక్కిపట్టకుండా టకటకా కొట్టేవాళ్లు వచ్చారు. 2018 ఫైనల్‌లో 16 ఏళ్ల జోసెఫ్ సేలీ, ఏడుసార్లు ఛాంపియన్ అయిన జోనాస్ న్యూబాయర్‌ను ఓడించింది అలాంటి చేతివేగంతోనే. ఆ తర్వాత రోలింగ్ వచ్చింది. కంట్రోలర్ వెనకవైపు వేళ్లతో వరసగా తడుతుంటే, ముందువైపు ఆనించి ఉంచిన బొటనవేలికి బటన్ తగులుతూ ఉంటుంది. 2023 డిసెంబరు 21న 13 ఏళ్ల విల్లిస్ గిబ్సన్ ఇలాగే ఆడి లెవెల్ 157 దాకా వెళ్తే, చివరికి ఆటే బిగుసుకుపోయింది. ఆ ఒక్క ఆటకు దాదాపు 38 నిమిషాలు పట్టింది. అలాంటివాళ్లు ఇద్దరు ఎదురుపడి ఐదు ఆటల మ్యాచ్ ఆడితే మూడు గంటలు దాటుతుంది. అందులోనూ 29 తర్వాత ఎక్కువ భాగం ఒక్కో వరస చెరుపుకుంటూ బతికి బయటపడటమే.

దీనికి 2023 ప్రపంచ పోటీలో ఒక విరుగుడు తెచ్చారు. మార్పు చేసిన రోమ్‌లో లెవెల్ 39 రాగానే వేగం మళ్లీ రెట్టింపు. ఫ్రేముకు రెండు గళ్లు, పైనుంచి కిందికి సెకనులో ఆరోవంతు. ఇంకో మార్గం, 230 వరసలకు అంటే 29లో అడుగుపెట్టగానే ఆట ఆపి స్కోరు చూడటం. నాకు 39 పద్ధతే నచ్చింది. ఆటను ఎవరో చెయ్యెత్తి ఆపడం కన్నా, ఆటే మనిషిని పడగొట్టడం బాగుంటుంది. మీ గుంపులో 29 దాటేవాళ్లు లేకపోతే ఈ గొడవంతా మరిచిపోండి, అసలు క్యాసెట్ చాలు. ఎవరైనా 9,99,999 చేరేవాళ్లుంటే మాత్రం అసలు ఆటలో స్కోరు అక్కడే ఆగిపోతుంది, ఏడంకెలు చూపించే రోమ్ తప్పనిసరి.

నాకౌటా, ఇంకో ఛాన్సా?

పదహారు మందికి నాకౌట్ అయితే 15 మ్యాచ్‌లు. రెండుసార్లు ఓడేదాకా ఛాన్సిచ్చే డబుల్ ఎలిమినేషన్ అయితే 30, ఒక్కోసారి 31. అందరితో అందరూ అంటే 120, అది మాట వరసకే. ఆటకు ఎనిమిది నుంచి పది నిమిషాలు వేసుకుంటే, మూడు ఆటల మ్యాచ్‌కు అరగంట దాకా పోతుంది.

డబుల్ ఎలిమినేషన్‌ను జనం ఇష్టపడతారని తెలుసు, అయినా నేను వద్దంటాను. ఓ రోజు అదృష్టం బాగాలేదని రెండో ఛాన్స్ ఇస్తాం సరే, ఒకే సీడ్ పెట్టాక ఆ సాకు చాలావరకు పోయింది కదా. ఆ టైమంతా మ్యాచ్‌లను పొడిగించడానికి వాడటం మేలు. మొదటి రౌండ్లు మూడింట్లో రెండు, సెమీస్ నుంచి ఐదింట్లో మూడు. అయితే దూరాలనుంచి వచ్చినవాళ్లు ఒక్క మ్యాచ్ ఆడి ఇంటికి పోవడం బాధే. సరదా పోటీ అయితే స్విస్ పద్ధతిలో, అంటే ఎవరినీ బయటికి పంపకుండా ప్రతి రౌండ్‌లో సమానంగా గెలిచినవాళ్లను జతకడుతూ, నాలుగు రౌండ్లు పెట్టండి, 32 మ్యాచ్‌లు, ప్రతి ఒక్కరూ నాలుగు ఆడతారు. ఒకేసారి రెండు మ్యాచ్‌లు ఆడించడానికి సరిపడా టీవీలు, కన్సోల్‌లు దొరికితేనే సుమా.

టీవీ, కంట్రోలర్, పాజ్

పాత డబ్బా టీవీలో ఆలస్యం ఉండదు. కొత్త ఫ్లాట్ టీవీ బొమ్మను సరిచేసి చూపించేలోపు కొన్ని ఫ్రేములు తినేస్తుంది. మూడు ఫ్రేములు తిన్నా లెవెల్ 19లో అది ఒకటిన్నర గడి. ఒకసారి మేం కుడివైపు టీవీలో ఆ ఆలస్యాన్ని తగ్గించే గేమ్ మోడ్ ఆన్ చేయడం మరిచిపోయాం. రెండు మ్యాచ్‌ల తర్వాతగానీ ఎవరికీ తట్టలేదు, కుడి కుర్చీలో కూర్చున్నవాళ్లే ఓడుతున్నారని! అప్పటినుంచి ప్రతి ఆట తర్వాతా కుర్చీలు మారాల్సిందే అని రూలు రాసుకున్నాం. కన్సోల్‌ను కంప్యూటర్‌లో అనుకరించే ఎమ్యులేటరైనా నాకు అభ్యంతరం లేదు, ఆన్‌లైన్ పోటీకి అదే దారి. ఇద్దరికీ ఒకే రకం ఉంటే చాలు. యూరప్‌లో అమ్మిన పాల్ (PAL) రకం క్యాసెట్ మాత్రం కలపకండి. అది సెకనుకు 50 ఫ్రేముల మీద నడుస్తుంది, లెవెళ్ల వేగమూ వేరు, అందులో 19కే ఫ్రేముకో గడి.

నొక్కిపట్టుకుంటే దానంతట అదే టకటకా కొట్టే టర్బో బటన్ ఉన్న కంట్రోలర్లు వద్దు. పాజ్ కొడితే ముక్కలన్నీ మాయమవుతాయి కాబట్టి ఎవరూ ప్లాన్ వేసుకోలేరు, కానీ వేళ్లకు విశ్రాంతి దొరుకుతుంది. పొరపాటున పాజ్ చేసే స్టార్ట్ బటన్ తగిలితే ఒకసారి వదిలేయండి, రెండోసారికి ఆ ఆట పోయినట్టే. కన్సోల్ బిగుసుకుపోతే, ముప్పై వరసలలోపు అయితే కొత్త సీడ్‌తో మొదటినుంచి ఆడించండి. అది దాటాక అయితే అదే సీడ్‌తో మళ్లీ మొదలుపెట్టడం మాత్రం వద్దు, ఆ ముక్కలు ఇద్దరికీ గుర్తుండిపోతాయి. ఆ ఆటను రద్దుచేసి, మ్యాచ్ చివర్లో ఇంకో కొత్త సీడ్‌తో ఆడించాలి.