డిస్టిల్డ్ వాటర్ పోసినా ఐసు తెల్లగానే వస్తోందా? గాజులాంటి ఐసుకి నాలుగు దారులు, ఏది మేలు?

మా బావమరిదికి బెజవాడ గవర్నరుపేటలో చిన్న సోడా కొట్టుంది. నిమ్మకాయ సోడా, సుగంధి, సబ్జా వేసిన రోజ్ మిల్క్, అంతే సరుకు. పోయిన ఏప్రిల్లో ఫోన్లో ఏదో వీడియో చూశాడు. అందులో గ్లాసులో ఐసు ముక్క ఉందో లేదో తెలియనంత తేటగా ఉందట. ఆ రాత్రి నుంచి నన్ను పట్టుకున్నాడు. "బావా, మన ఐసు మాత్రం సున్నం ముద్దలా ఎందుకుంటుంది?"

నేను జవాబు వెతికేలోపే వాడు ఐదు లీటర్ల డిస్టిల్డ్ వాటర్ డబ్బా కొనుక్కొచ్చి ట్రేల్లో పోసేశాడు. పొద్దున్నే తీసి చూస్తే అంచులు బాగానే ఉన్నాయి, నడుమ మాత్రం అదే తెల్ల మచ్చ. కల్తీ నీళ్లు అంటగట్టారని అమ్మినవాడి మీద మండిపడ్డాడు. నీళ్లలో కరిగిన ఉప్పుల్ని కొలిచే టీడీఎస్ మీటరు మా ఇంట్లో ఉంటే ముంచి చూశాను. 2 చూపించింది. అదే మీటరు మా బోరు నీళ్లకి 900 దాటుతుంది, వాటర్ టిన్ను నీళ్లకి 50 దగ్గర ఆడుతుంది. నీళ్లలో తప్పేమీ లేదు. ఆ తెల్ల మచ్చ నీళ్లలో కరిగిన గాలి పని. ఉప్పూ సున్నమూ లేకుండా చేయడం వేరు, గాలి లేకుండా చేయడం వేరు. ఆవిరి చల్లారి నీరయ్యేటప్పుడూ, డబ్బాలో నింపేటప్పుడూ, మనం ట్రేలో వంపేటప్పుడూ గాలి మళ్లీ కలుస్తూనే ఉంటుంది. డిస్టిల్డ్ వాటర్ అయితే గాలికి మొహమాటమేం ఉండదు కదా.

గాలి ఎక్కడో కనపడాలంటే ఒక పని చేయండి. మందుల షాపులో 50 మిల్లీలీటర్ల సిరంజి అడిగి తీసుకోండి, సూది అక్కర్లేదు. పావు వంతు నీళ్లు లాగి, మొన పైకి పెట్టి, లోపలున్న గాలంతా బయటికి నెట్టేయండి. ఇప్పుడు మొనను వేలితో గట్టిగా మూసి పిస్టన్‌ని వెనక్కి లాగండి. ఇంతసేపూ తేటగా ఉన్న నీళ్లలోంచి, గోడలకి అంటుకుని, ఆవగింజంత బుడగలు లేస్తాయి. అవి ఎక్కడి నుంచో వచ్చినవి కావు, ఆ నీళ్లలో కరిగి ఉన్నవే. పీడనం తగ్గిస్తే నీరు గాలిని వదిలేస్తుంది. 1803లో విలియం హెన్రీ చెప్పిన సూత్రం ఇదే. గోళీ సోడా కాయ కొట్టగానే బుస్సుమనేదీ ఇందుకే.

మరి ఐసులో ఏం జరుగుతుంది? 30 డిగ్రీల నీరు లీటరుకి సుమారు 7.5 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటుంది. సున్నా డిగ్రీలకి వచ్చేసరికి 14.6 దాకా పట్టగలదు. అంటే నీళ్లు చల్లబడేటప్పుడు గాలికి వచ్చిన ఇబ్బందేమీ లేదు, పైగా ఇంకాస్త చోటుంటుంది. గడ్డకట్టడం మొదలయ్యాకే చిక్కు. ఐసు స్ఫటికంలో గాలికి దాదాపు చోటే లేదు. గడ్డకట్టే అంచు గాలిని ముందుకి నెట్టుకుంటూ పోతుంది. ట్రేలో నాలుగు వైపుల నుంచీ, పైనుంచీ, కిందనుంచీ చలి తగులుతుంది కాబట్టి గాలి మొత్తం నడిమధ్య ఇరుక్కుంటుంది. పండగ రోజుల్లో పండిట్ నెహ్రూ బస్‌స్టాండు గుర్తు తెచ్చుకోండి. అన్ని వైపుల నుంచీ జనం లోపలికే వస్తుంటే బయటికి దారేది?

ఇది అర్థమయ్యాక మూడు వారాల పాటు ఇంట్లో ఒకటే ప్రయోగాలు. మా ఆవిడ ఫ్రీజర్లో కొత్తిమీర పచ్చడికి చోటు లేకుండా పోయింది.

అందరూ మొదట చెప్పేది మరిగించమనే. ఖర్చు తక్కువ. లీటరు నీళ్లని మన ఊరి వేడి నుంచి మరిగే దాకా తీసుకెళ్లడానికి పది పన్నెండు గ్రాముల గ్యాస్ చాలు. మరిగే నీళ్లలో గాలి దాదాపు నిలవదు. బోరు నీళ్లయితే ఇంకో లాభం కూడా ఉంది. బైకార్బనేటుగా ఉన్న సున్నం కొంత గిన్నె అడుగున పొక్కు కట్టి దిగిపోతుంది. కాకపోతే మరిగించాక ఏం చేస్తామన్నదే అసలు సంగతి. మూత తీసి వంటింటి గట్టు మీద నాలుగు గంటలు ఆరబెడితే పోయిన గాలి మెల్లగా తిరిగొస్తుంది. ఈ చేత్తో తీసి ఆ చేత్తో ఇచ్చినట్టే.

అందుకని నేను పది నిమిషాలు మరిగించి, ఆ వేడి నీళ్లని స్టీలు టిఫిన్ డబ్బా అంచు దాకా నింపి, రబ్బరు వాషరున్న మూత బిగించేశాను. చల్లారాక మూత రాలేదు. లోపల ఆవిరి నీరై, నీళ్లు కూడా కాస్త కుంచించుకుని, మూతని లోపలికి లాగేసుకున్నాయి. గరిటె కాడ దూర్చి తిప్పితే "ఫట్" మంది. అంటే గాలి లోపలికి పోలేదన్నమాట. ఆ నీళ్లని చప్పుడు కాకుండా ట్రే గోడ వెంబడి వంపి ఫ్రీజర్లో పెట్టాను. మామూలు ఐసు కన్నా బాగా వచ్చింది, మచ్చ శనగగింజంతకి తగ్గింది. పోలేదు మాత్రం. రెండుసార్లు మరిగిస్తే మంచిదని కొందరంటారు. మూత బిగించి చల్లార్చితే రెండోసారి మరిగించడం గ్యాస్ దండగ. మూత పెట్టకపోతే మూడుసార్లు మరిగించినా దండగే.

ఇంకో దారి, గాలిని నేరుగా లాగేయడం. గుంటూరులో ఒక ఫార్మసీ కాలేజీ ల్యాబులో పనిచేసే మిత్రుడున్నాడు. వాళ్లు, మందులో ఏది ఎంతుందో కొలిచే హెచ్‌పీఎల్‌సీ మిషనులో వాడే ద్రావకాల్లోంచి గాలి తీస్తారు, లేకపోతే పంపులో బుడగ ఇరుక్కుని రీడింగులు గందరగోళమవుతాయట. ధ్వని తరంగాలతో నీళ్లని అదిరించే వాళ్ల సోనికేటర్‌లో పది నిమిషాలు పెట్టి చూశాం. బుడగలు బాగానే లేచాయి కానీ ఐసులో తేడా కంటికి ఆనలేదు. వాక్యూమ్ అయితే సంగతి వేరు. మామూలు గాలి పీడనం 760 మిల్లీమీటర్ల పాదరసం. దాన్ని సుమారు 32కి దించితే 30 డిగ్రీల నీళ్లే పొయ్యి లేకుండా కుతకుత మరుగుతాయి. వేడి లేదు కాబట్టి చల్లార్చే పనీ లేదు, మళ్లీ గాలి పట్టే సమయమూ తక్కువ. కాగితం మీద దీన్ని మించింది లేదు.

ఆ మాట నమ్మి ఆటోనగర్‌లో తెలిసిన ఏసీ మెకానిక్ దగ్గరికి పోయి వాక్యూమ్ పంపు ఒక పూట ఇమ్మని అడిగాను. ఆయన నవ్వాడు. "గురూగారూ, నీళ్ల మీద పెడతారా? ఆవిరంతా పంపులోకి పోయి ఆయిలు మజ్జిగైపోద్ది. కొత్త ఆయిలు డబ్బులు ముందే ఇవ్వండి." ఇచ్చాను. మందపాటి స్టీలు గిన్నె, పైన దళసరి యాక్రిలిక్ మూత, నడుమ రబ్బరు, అంతా ఆయన దగ్గరే దొరికింది. పంపు మొదలెట్టగానే గిన్నెలో నీళ్లు తెల్లబడ్డాయి, తర్వాత పొంగాయి, పది నిమిషాలకి అక్కడో బుడగ ఇక్కడో బుడగగా సద్దుమణిగాయి. పంపు అద్దంలోంచి చూస్తే ఆయిలు ఆయన చెప్పినట్టే మజ్జిగ రంగు. ఒక హెచ్చరిక: ఈ పని ఇంట్లో ఊరగాయ గాజు సీసాతో చేయకండి. బయటి గాలి ఒత్తిడికి సీసా లోపలికి పేలిందంటే పెంకులు మొహం మీదికే వస్తాయి.

ఇంత తంటాలు పడి తెచ్చిన నీళ్లని ట్రేలో పోస్తే? మచ్చ బియ్యపు గింజంత అయింది. అయినా పోలేదు. పైగా నడుమ నుంచి సన్నటి పగులు. నీరు ఐసైతే సుమారు 9 శాతం ఉబ్బుతుంది. చుట్టూ గట్టి పెంకు కట్టేశాక లోపలి నీరు ఉబ్బితే పెంకు బీట తీయక ఏం చేస్తుంది?

ఆ రాత్రి కూర్చుని లెక్క వేసుకుంటే తెలిసింది. నీళ్లలో పదింట తొమ్మిది వంతుల గాలి తీసేశామనుకుందాం. ట్రేలో పదింట తొమ్మిది వంతులు గడ్డకట్టేసరికి, మిగిలిన గాలంతా ఆఖరి ఒక్క వంతు నీళ్లలోకి చేరుతుంది. అంటే ఆ చివరి నీళ్లు మొదట్లో కుళాయి నీళ్లు ఎంత గాలి మోశాయో అంతా మోస్తున్నాయి. ఎంత తీసినా మచ్చ చిన్నదవుతుంది తప్ప పోదు. మేం ఇన్నాళ్లూ గాలిని తీయడం మీదే పడ్డాం, అది ఎటు పోవాలో చూపించలేదు.

అలా నాలుగో దారికొచ్చాం. దీనికి గాలి తీయక్కర్లేదు. ఇన్సులిన్ వచ్చే థర్మోకోల్ పెట్టెలు మందుల షాపుల వాళ్లు ఊరికే పారేస్తారు, ఒకటి అడిగి తెచ్చుకోవచ్చు. అందులో సరిగ్గా పట్టే ప్లాస్టిక్ డబ్బా పెట్టి, నీళ్లు నింపి, రెండింటికీ మూత పెట్టకుండా ఫ్రీజర్లో ఉంచాలి. పక్కల నుంచీ కిందనుంచీ చలి తగలదు, పైనుంచి ఒక్కటే. ఐసు పొర పొరగా కిందికి దిగుతుంది, గాలీ ఉప్పూ దాని ముందు అడుగుకి దిగుతాయి. మా ఫ్రీజర్లో ఒక రోజుకి అంగుళంన్నర నుంచి రెండంగుళాలు కట్టింది. పూర్తిగా గడ్డకట్టేలోపే, అడుగున పావు వంతు నీళ్లుండగానే తీసి, ఆ నీళ్లు వంపేయాలి. ఆలస్యమైనా కొంప మునగదు, అడుగున తెల్ల పలక కడుతుంది, కోసేసుకోవచ్చు. అమెరికాలో క్యాంపర్ ఇంగ్లిష్ అనే రచయిత 2009లో ఈ పద్ధతిని జనానికి పరిచయం చేశాడు.

మొదటి పలక మామూలు వాటర్ టిన్ను నీళ్లతోనే చేశాం. దాని కింద ఆ రోజు పేపరు పెట్టి బావమరిది వర్గీకృత ప్రకటనలు చదివి వినిపించాడు. అద్దెకు ఇల్లు, భవానీపురం, రెండు పడక గదులు, అన్నీ ఐసులోంచే.

చలి దేశాల్లో చెరువులు చేసేదీ ఇదే. పైన చలిగాలి, కింద వెచ్చటి నేల. 1833లో ఫ్రెడరిక్ ట్యూడర్ అనే అమెరికా ఐసు వ్యాపారి బోస్టన్ నుంచి ఓడలో 180 టన్నుల సరస్సు ఐసు కలకత్తాకి పంపితే దారిలో కరిగింది పోగా సుమారు 100 టన్నులు చేరింది. మద్రాసు ఐస్ హౌస్ కట్టింది కూడా ఆ సరస్సు ఐసు దాచడానికే. ఆ సరస్సుల నీళ్లని ఎవరూ మరిగించలేదు, వాక్యూమూ పెట్టలేదు.

ఐసు ఫ్యాక్టరీల వాళ్ల పద్ధతి ఇంకా తమాషా. చల్లటి ఉప్పునీళ్లలో దించిన డబ్బాల్లో దిమ్మలు కట్టేటప్పుడు, తేట ఐసు కావాలంటే వాళ్లు గొట్టంతో నీళ్లలోకి గాలి ఊదుతారు! గాలి పోవాలని గాలి ఊదడమేమిటని నవ్వుకోకండి. ఆ పెద్ద బుడగలు నీళ్లని కదిలిస్తూ, గడ్డకట్టే అంచుకి అంటుకున్న చిన్న బుడగల్ని కడిగేస్తాయి. చివర్లో నడుమ మిగిలిన మురికి నీళ్లని లాగేసి మంచినీళ్లు పోస్తారు. ఆ పని చేయనిచోట దిమ్మకి నిలువునా తెల్లటి వెన్నుపూస కనిపిస్తుంది. చేపల బండి మీద గోనె తొలగించినప్పుడు చూడండి.

ఇంతకీ ఏది మేలు? కొట్టుకైనా ఇంటికైనా నా ఓటు థర్మోకోల్ పెట్టెకే, రెండో ఆలోచన లేదు. ఫ్రీజర్లో చోటు తింటుంది, రోజంతా పడుతుంది, కోసుకోవాలి, కరెంటు పోతే ఇంకాస్త ఆలస్యం. ఇవన్నీ నిజమే, ఐనా మిగతా మూడూ దీని దరిదాపుల్లోకి రావు. పెట్టెకి చోటు లేక ట్రే తప్పదనుకునేవాళ్లు మరిగించి, అంచు దాకా నింపి, మూత బిగించే పద్ధతి పాటించండి. వాక్యూమ్ సరదా ఉన్నవాళ్లకి, పంపు సొంతంగా ఉన్నవాళ్లకి. డిస్టిల్డ్ వాటర్ మాత్రం వద్దే వద్దు. గాలికి అది మందు కాదు, పైగా ఇన్వర్టర్ బ్యాటరీలకని అమ్మే నీళ్లు తాగడానికి తయారు చేసినవి కావు. బోరు నీళ్లు కూడా పెట్టెలో పొయ్యకండి. అంత ఉప్పుంటే అడుగు పావు కాదు, సగం తెల్లబడుతుంది. టిన్ను నీళ్లు చాలు. అందరూ అడిగేది మరొకటుంది: మరిగించి పెట్టెలో పోస్తే ఇంకా బాగుంటుందా? పక్కపక్కన పెట్టి చూశాం. తెల్ల పొర కొంచెం ఆలస్యంగా మొదలైంది, పై భాగంలో తేడా నాకైతే కనిపించలేదు.

కోసేటప్పుడు తొందరపడొద్దు. ఫ్రీజర్లోంచి తీసిన పలక పైన మంచు పట్టి మసకగా ఉంటుంది. అప్పుడే కత్తి పెడితే అడ్డదిడ్డంగా పగులుతుంది. పావుగంట బయట ఉంచితే మసక పోయి నిగనిగలాడుతుంది. అప్పుడు బ్రెడ్డు కోసే రంపపు కత్తితో గీత గీసి, కత్తి వీపు మీద అప్పడాల కర్రతో చిన్నగా కొట్టండి, గీత వెంటే విడిపోతుంది. రోహిణి కార్తె ఎండల్లో పావుగంట అక్కర్లేదు, ఐదు నిమిషాలే ఎక్కువ.

ఇప్పుడు మా వాడు రాత్రి కొట్టు కట్టేసేటప్పుడు రెండు పెట్టెలు నింపి పెడతాడు, మర్నాడు రాత్రికి తీస్తాడు. తేట ముక్కలు సుగంధి గ్లాసుల్లోకి. అడుగున మిగిలిన తెల్ల పలకని గుడ్డలో చుట్టి ఇంటికి తెస్తాడు, మా అత్తగారు దాన్ని రోకలితో చితక్కొట్టి మజ్జిగ కుండలో వేస్తారు.