పాత జీపు పవర్ స్టీరింగ్‌కి చాసిస్ ప్లేట్ కిట్: ప్లేట్లు బాగున్నాయి, స్లీవులు పారేయండి

సీజే3బీ తరహా పాత మహీంద్రా జీపులకి బొలెరో పవర్ స్టీరింగ్ బాక్స్ ఎక్కించేవాళ్ల కోసం తయారైన చాసిస్ బలోపేతం కిట్ ఇది. లేజర్ కటింగ్ చేసిన 5 మి.మీ. ప్లేట్లు రెండు (చాసిస్ పొడవునా ఉండే ఇనుప దూలానికి, అంటే ఛానెల్‌కి, బయట ఒకటి, లోపల ఒకటి), బోల్టుల చుట్టూ ఛానెల్ లోపల కూర్చునే పైపు ముక్కలు, అంటే స్లీవులు నాలుగు, 10.9 గ్రేడ్ ఎం12 బోల్టులు నాలుగు, ఒక బ్రేస్ పైపు వస్తాయి. ప్లేట్లకి మంచి మార్కులే వేయొచ్చు. మిగతా వాటిలో పని మిగిలే ఉంది.

అసలు ఈ ప్లేట్లెందుకు? ఈ జీపుల పాత రాస్ స్టీరింగ్ బాక్స్ డ్రాగ్ లింక్‌ని (స్టీరింగ్ బలాన్ని చక్రాల వైపు చేరవేసే కడ్డీ) ముందుకీ వెనక్కీ తోసి, ముందు క్రాస్ మెంబర్ (చాసిస్ అడ్డ దూలం) మీదున్న బెల్ క్రాంక్‌ని, అంటే ఆ తోపు దిశ మార్చే మీటని, తిప్పేది. ఆ బలం ఛానెల్ పొడవునా పడేది కాబట్టి చాసిస్ సులువుగా తట్టుకునేది. పవర్ బాక్స్‌ని ముందుకి జరిపి, డ్రాగ్ లింక్‌ని ఎడమ చక్రానికి అడ్డంగా వేశాక బలం పక్కకి పడుతుంది. బాక్స్ కింద డ్రాగ్ లింక్‌ని కదిపే పిట్‌మన్ ఆర్మ్ దగ్గర 1,000 న్యూటన్ మీటర్ల టార్క్, ఆర్మ్ పొడవు 150 మి.మీ. అనుకుంటే, డ్రాగ్ లింక్ మీద దాదాపు 680 కిలోల తోపు. ఆర్మ్‌నీ డ్రాగ్ లింక్‌నీ కలిపే బాల్ జాయింట్ ఛానెల్ మధ్యగీత కంటే 200 మి.మీ. కింద ఉంటే ఛానెల్‌ని మెలిపెట్టే టార్క్ 1,300 న్యూటన్ మీటర్లు దాటుతుంది. లావు టైర్లతో బండి ఆపి స్టీరింగ్ తిప్పినప్పుడు, లేదా చక్రం రాయికి ఆనుకుని కదలనప్పుడు పడే లోడు ఇదే. పలచటి ఛానెల్ గోడ డబ్బా మూతలా లోపలికీ బయటికీ ఊగి, బోల్టు రంధ్రాల అంచుల నుంచి పగుళ్లు మొదలవుతాయి.

ప్లేట్లు గీసినవాళ్లకి పని తెలుసు. చివరలు నిలువుగా కాకుండా చేప నోరులా కోసి ఉన్నాయి. నిలువుగా కోస్తే ఛానెల్‌కి అడ్డంగా ఒకే గీత మీద వెల్డింగ్ పడుతుంది, ఆర్నెల్లకో ఏడాదికో ఆ గీత పక్కనే చాసిస్ చీలుతుంది. బాక్స్‌కి రెండు వైపులా ప్లేటు కనీసం 150 మి.మీ. సాగాలి, ఇది సాగుతోంది. ప్లగ్ వెల్డ్ (ప్లేటు రంధ్రాన్ని వెల్డ్‌తో నింపి ఛానెల్‌కి అతికించడం) కోసం 16 మి.మీ. రంధ్రాలు ఇచ్చారు. ప్లేటు ఎత్తు మాత్రం కొన్ని బళ్లకి ఎక్కువవుతుంది. వెల్డ్ ఛానెల్ వంపు మీదికి ఎక్కకూడదు కనుక, చదును భాగం కంటే 10–12 మి.మీ. తక్కువ ఉండేలా పైనా కిందా గ్రైండ్ చేసుకోవాలి.

స్లీవుల దగ్గరే కిట్ తేలిపోయింది. గోడ మందం 1.5 మి.మీ. ఉన్న అతుకు పైపు ముక్కలు, అన్నీ ఒకే పొడవు. స్లీవు పని బోల్టు బిగింపుని మోయడం. అది పొట్టిగా ఉన్నా, పలచగా ఉన్నా బోల్టు బిగిస్తుంటే ఛానెల్ నలిగిపోతుంది, నాలుగు రోజుల్లో బోల్టు వదులవుతుంది, ఆ తర్వాత రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి వస్తుంది. లేత్ షాపులో 20 మి.మీ. బయటి వ్యాసం, 12.5 మి.మీ. లోపలి వ్యాసంతో అతుకులేని పైపు చేయించండి. రెండు ప్లేట్లూ వెల్డ్ అయ్యాకే పొడవు కొలవండి. 1 మి.మీ. ఎక్కువ ఉంచి, రెండు వైపులా చుట్టూ వెల్డ్ చేసి, ప్లేటుతో సమానంగా గ్రైండ్ చేయాలి. ఛానెల్ సి ఆకారంలో తెరిచి ఉంటే లోపలి ప్లేటుతో ముందు పెట్టెలా మూసి, ఆ తర్వాతే స్లీవు. తెరిచిన ఛానెల్‌కి బయట ఒక్క ప్లేటు అతికిస్తే మెలికకి పెద్దగా బలం రాదు.

బ్రేస్ గురించి సూచనల కాగితంలో ‘అవసరమైతే’ అని రాశారు. ఆ మాట కొట్టేయాలి. ప్లేటు గోడ ఊగకుండా ఆపుతుంది, కానీ ఛానెల్ మొత్తం మెలితిరగడాన్ని ఆపేది అవతలి ఛానెల్‌కి వెళ్లే అడ్డ పైపే. 3 మి.మీ. గోడతో 38–42 మి.మీ. పైపు చాలు. ఫ్లాంజ్ పెట్టి బోల్టులతో బిగిస్తే ఇంజన్ దించాల్సినప్పుడు గ్యాస్ కటింగ్ తప్పుతుంది. చివర్లలో తిరిగే రాడ్ ఎండ్ జాయింట్లున్న బ్రేస్ చూడ్డానికి సోకుగా ఉంటుంది, లూజు వచ్చిందంటే ఉన్నా లేనట్టే.

వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ తీగలు, ఆల్టర్నేటర్ ప్లగ్ విప్పండి. ఆ వైపు బ్రేక్ పైపు, డీజిల్ పైపు పక్కకి జరపండి. పెయింటు, తుప్పు తెల్ల ఇనుము కనపడేదాకా గీకాలి. పాత పగులు ఉంటే దాని చివర 3 మి.మీ. డ్రిల్ వేసి, వి ఆకారంలో గాడి కోసి, నింపి, చదును చేశాకే ప్లేటు. పగులు మీద ప్లేటు కప్పేస్తే అది కింద పాకుతూనే ఉంటుంది. రాడ్‌తో చేసే ఆర్క్ వెల్డింగ్ అయితే ఆరబెట్టిన 7018 రాడ్, 3.15 మి.మీ., 100–120 ఆంపియర్లు. 30–40 మి.మీ. చొప్పున అటొకటి ఇటొకటి వేయాలి, ఏకధాటిగా లాగితే ఛానెల్ వంగి రంధ్రాలు కలవవు. మిగ్ (తీగ దానంతటదే వచ్చే గ్యాస్ వెల్డింగ్ మిషన్ కాదు, కరెంటు ఆర్క్‌దే) చేసేవాళ్లు పై నుంచి కిందికి లాగడం మామూలే. పైకి నున్నగా కనిపిస్తుంది, లోపల పట్టు ఉండదు. ఒప్పుకోవద్దు.

బోల్టులకి స్ప్రింగ్ వాషర్ బదులు గట్టి ఫ్లాట్ వాషరు, లాక్ నట్టు వాడండి. నూనె రాయని ఎం12 10.9 బోల్టుకి 110–120 న్యూటన్ మీటర్లు. బాక్స్ లగ్గులోనే (బోల్టు ఎక్కే చెవిలోనే) మర ఉంటే తయారీదారు చెప్పిన అంకే పాటించాలి. 500 కి.మీ. తర్వాత మళ్లీ చూడండి. ఇంజన్ ఐడిల్‌లో ఉండగా ఒకరు స్టీరింగ్ అటూ ఇటూ తిప్పుతుంటే ఇంకొకరు బాక్సుకీ ఛానెల్‌కీ మధ్య గీత గమనించాలి. కంటికి కదలిక కనిపించకూడదు.

కిట్‌తో పాటు ఇచ్చే నల్ల తారు కోటింగ్ ఈ చోట పూయకండి, పగుళ్లని దాచేస్తుంది. జింక్ ప్రైమర్ మీద లేత బూడిద రంగు వేస్తే, పగులు పుట్టగానే తుప్పు గీత బయటపడుతుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ వాహనంలో మార్పులకి సంబంధించినది, పని మొదలుపెట్టే ముందే ఆర్టీఓ ఆఫీసులో అడగడం మంచిది.

ప్లేట్లు విడిగా ఇస్తే అవి మాత్రం కొనండి. మొత్తం కిట్టే తీసుకోవాలంటే స్లీవుల ఖర్చు తగ్గించి బేరమాడండి.