పవర్ స్టేషన్ పెట్టె మీద 1000 అని చూసి కొనకండి, ఐస్ తుఫానులో మాకు జరిగింది ఇది

చలికాలానికి పవర్ స్టేషన్ కొనాలని చూస్తున్నవాళ్లు కాస్త ఆగి ఇది చదవండి. చేతితో మోసుకెళ్లే పెద్ద బ్యాటరీ పెట్టెల సంగతే చెబుతున్నాను. 430 డాలర్లు పోసి మేం కొన్న పెట్టె అవసరం పడ్డ రాత్రి హీటర్‌ను ఒక్క నిమిషం కూడా నడపలేదు. డబ్బు పోతే పోయింది. ఆ రాత్రి ఇంట్లో డెబ్బై రెండేళ్ల మా అత్తయ్య ఉన్నారు, అందుకే రాస్తున్నాను.

మేముండేది టెక్సాస్‌లో, నార్త్ ఆస్టిన్‌లో. 2021 ఫిబ్రవరి మంచు తుఫాను ఇక్కడి తెలుగువాళ్లెవరూ మర్చిపోలేదు. 15వ తేదీ తెల్లవారుజామున కరెంటు పోయింది, మా వీధికి మూడు రోజులు రాలేదు. రాష్ట్రం మొత్తమ్మీద 45 లక్షలకు పైగా ఇళ్లకూ వ్యాపారాలకూ కరెంటు లేదు. ప్రభుత్వం లెక్కలోనే 246 మంది చనిపోయారు, అందులో ఎక్కువమంది చలికే. మాకు ఇల్లంతా వెచ్చబెట్టే గ్యాస్ ఫర్నేస్ ఉంది కదా, ఏం కాదులే అనుకునేవాళ్లం. గ్యాస్ ఎంత ఉన్నా వేడిని గదుల్లోకి తోసే బ్లోయర్ తిరగాలంటే కరెంటు కావాలని అప్పుడే తెలిసొచ్చింది. ఆ భయంతోనే 2022 నవంబరు సేల్‌లో ఈ పెట్టె కొన్నాం.

ప్రకటనలో పెట్టె పక్కన టీవీ, ఫ్రిజ్, రూమ్ హీటర్ బొమ్మలు. పైన పెద్ద అక్షరాల్లో 1000. దాని కింద 80,000 ఎంఏహెచ్, అంటే మిల్లీ ఆంప్ అవర్లు, బ్యాటరీ ఎంత పెద్దదో చెప్పే ఒక లెక్క. అయిదు నక్షత్రాల రివ్యూలు వందల్లో ఉన్నాయి. రాగానే ఫోన్ పెట్టి చూశాం, ఛార్జ్ అయింది. హమ్మయ్య అనుకుని గరాజ్‌లో షెల్ఫ్ మీద పెట్టేశాం. మా మొదటి తప్పు అదే.

2023 జనవరి ఆఖర్లో ఐస్ తుఫాను వచ్చింది. అది మంచు కాదు, పడ్డచోటల్లా గడ్డకట్టే వాన. ఇక్కడి లైవ్ ఓక్ చెట్లు చలికాలంలో కూడా ఆకు రాల్చవు, ఆకాకుకీ ఐస్ పట్టేసింది. ఫిబ్రవరి 1 తెల్లవారుజామున కొమ్మలు విరుగుతుంటే ఒక్కొక్కటీ తుపాకీ పేలినట్టే వినిపించింది. కాసేపటికి ఎక్కడో నీలంగా ఓ మెరుపు, ఆ వెంటనే కరెంటు పోయింది. ఊళ్లో లక్షా డెబ్బై వేలకు పైగా కనెక్షన్లు అలాగే పోయాయి.

ఖమ్మం నుంచి వచ్చిన అత్తయ్యకు ఇక్కడ అదే మొదటి చలికాలం. సాయంత్రానికి ఇంట్లో 48 డిగ్రీల ఫారన్‌హీట్‌కి దిగింది. ఆవిడ రెండు స్వెట్టర్లు, పైన శాలువా కప్పుకుని కూర్చున్నారు, అయినా చేతివేళ్లు ముట్టుకుంటే చల్లగా తగులుతున్నాయి. మా ఆయన వెళ్లి పెట్టె తెచ్చారు. నిండా ఛార్జ్ చేసి పెట్టింది 81 శాతం చూపిస్తోంది. సరేలే అని రూమ్ హీటర్ ప్లగ్ పెట్టాం. హీటర్‌లో ఎర్ర లైటు ఒక్కసారి వెలిగింది, పెట్టె కీచుమని అరిచి ఆగిపోయింది. తక్కువ సెట్టింగులో పెట్టినా అంతే. "ఏంటమ్మా, ఆరిపోయింది?" అని అత్తయ్య అడిగారు. నాకు నోట మాట రాలేదు.

టార్చి వెలుగులో పెట్టెను తిరగేసి చూస్తే అడుగున చిన్న స్టిక్కర్, దాని మీద అసలు సంగతి. 1000 వాట్లు అన్నది సర్జ్, అంటే ఏదైనా ఆన్ చేసిన క్షణంలో ఓర్చుకునే జోరు మాత్రమే. ఆపకుండా ఇవ్వగలిగేది 500 వాట్లు. మామూలు రూమ్ హీటర్ 1500 తీసుకుంటుంది, తక్కువలో పెడితే 750. ఇక ఆ 80,000 ఎంఏహెచ్ చూడ్డానికే పెద్ద అంకె. లోపలి సెల్ వోల్టేజీ 3.7తో గుణించి వెయ్యితో భాగిస్తే వచ్చేది 296 వాట్-అవర్లు. మన కరెంటు బిల్లు భాషలో చెప్పాలంటే వెయ్యి వాట్-అవర్లు ఒక యూనిట్, కాబట్టి మేం 430 డాలర్లిచ్చి కొన్నది యూనిట్‌లో మూడో వంతు కూడా కాదు. హీటర్ గంటకు యూనిట్టున్నర తాగుతుంది. ఒకవేళ నడిచి ఉన్నా పది నిమిషాలు.

దీనికన్నా భయపడ్డ విషయం ఇంకొకటుంది. ఉన్న ఛార్జ్‌తో 100 వాట్ల ఎలక్ట్రిక్ దుప్పటి పెడితే రెండు గంటలు మాత్రం నడిచింది. అయిపోయాక కారులోంచి ఛార్జ్ చేద్దామని గరాజ్‌లోకి వెళ్లి ఇంజిన్ స్టార్ట్ చేయబోయాను. తలుపు ఐస్‌కి బిగుసుకుపోయి పైకి లేవలేదు, మూసే ఉంది. వెనకే వచ్చిన మా ఆయన తాళం లాక్కున్నారు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, రంగు ఉండదు. 2021లో ఇక్కడ కొన్ని కుటుంబాలను చంపింది అదే. తలుపు ఎత్తి ఉన్నా గరాజ్‌లో కారు నడపకండి. లోపల బొగ్గుల కుంపటి పెట్టకండి, గ్యాస్ స్టవ్ వెలిగించి గది వెచ్చబెట్టుకోకండి. జనరేటర్‌ను కిటికీలకు కనీసం ఇరవై అడుగుల దూరంలో, బయటే పెట్టాలి. పక్కింటాయన తన జనరేటర్ అలాగే పెరటి చివర పెట్టి, కంచె మీదుగా మాకో వైరు ఇచ్చారు. ఆ దుప్పటి దానిమీదే నడిచింది. నలుగురం ఒకే గదిలో చేరాం, తలుపు కింద తువ్వాళ్లు కుక్కి, స్టవ్ అగ్గిపుల్లతో వెలిగించి కాచిన నీళ్లు సీసాల్లో పోసి పక్కలో పెట్టుకుని పడుకున్నాం. శనివారం సాయంత్రం కరెంటు వచ్చింది.

అమ్మినవాళ్లకు రాశాను. తక్కువ వాట్ల పరికరాలకు మాత్రమేనని మాన్యువల్‌లో ఉందన్నారు. నిజమే, పదకొండో పేజీలో ఉంది. రిటర్న్ గడువు ముప్ఫై రోజులు, అది ఎప్పుడో దాటిపోయింది. నేను పెట్టిన చెడ్డ రివ్యూ తీసేస్తే పదిహేను శాతం వెనక్కిస్తామన్నారు. తీయలేదు. అప్పుడు కూర్చుని ఆ మంచి రివ్యూలన్నీ చదివితే, దాదాపు అందరూ క్యాంపింగ్‌లో ఫోన్లకూ లైట్లకూ వాడినవాళ్లే.

కొనేటప్పుడు ముందు వాట్-అవర్లు ఎన్నో చూడండి, తర్వాత ఆపకుండా ఇచ్చే వాట్లు. పీక్, సర్జ్ అన్న అంకెను లెక్కలోకే తీసుకోకండి. ఎంఏహెచ్ ఒక్కటే రాసి వాట్-అవర్లు చెప్పకపోతే ఆ పెట్టె వదిలేయండి. రాసినదాంట్లో కూడా పదిహేను శాతం తగ్గించి లెక్క వేసుకోండి, బ్యాటరీలోని డీసీ కరెంటును మన ప్లగ్గులకు కావలసిన ఏసీగా మార్చడంలో అంత పోతుంది. సున్నా డిగ్రీల సెల్సియస్ కన్నా చలిలో లిథియం బ్యాటరీని ఛార్జ్ చేయకూడదు కాబట్టి గరాజ్‌లో కాకుండా ఇంట్లో పెట్టుకోండి. ఇలాంటి చిన్న పెట్టెతో గది వెచ్చబడదు, మనిషి వెచ్చబడతాడు. దుప్పటికి, వైఫైకి, ఫోన్లకు చాలు, హీటర్‌కు చాలదు.

ఇప్పటికే కొని ఉంటే రిటర్న్ గడువు ఎప్పటివరకో చూసుకోండి. ఆలోగా ఒక సాయంత్రం మెయిన్ బ్రేకర్ ఆపేసి, తుఫానులో మీరు నిజంగా వాడబోయే వస్తువునే దానికి పెట్టి, గడియారం చూస్తూ ఎంతసేపు నడుస్తుందో లెక్కపెట్టండి.