రెండు చక్రాల ట్రాలీ కొనేవారికి హెచ్చరిక: మొత్తం తూకం ఒక్కటే చూసి మోసపోకండి

పరకాల, హుజూరాబాద్ వైపు పాత ట్రాలీల కోసం తిరుగుతున్న తోటి రైతులు బేరం కుదుర్చుకునే ముందు ఇది చదవాలని కోరుతున్నాను. వరంగల్ శివారులోని ఒక వెల్డింగ్ షెడ్డులో, వానాకాలం కోతలకు ముందు, నేను ఒక రెండు చక్రాల ట్రాలీ కొన్నాను. "ఆరు టన్నులు వేస్కో అన్నా, ఏం గాదు" అన్నాడు అమ్మినాయన. ఆర్సీలో కూడా సరుకుతో కలిపి 6,000 కిలోలనే ఉండడంతో నేను మారు మాట్లాడలేదు.

40 కిలోల వడ్ల బస్తాలు 115 వేసుకుని కొనుగోలు కేంద్రానికి బయలుదేరిన రోజు, మా చెరువు కట్ట ఎక్కే చోట స్టీరింగు ఉన్నట్టుండి తేలికైపోయింది. ఎడమకు తిప్పినా ట్రాక్టరు తిన్నగానే పోతోంది. ముందు టైర్లు నేలకు జానెడు ఎత్తున ఆడుతుండడం చూసి క్లచ్ నొక్కితే, ఇంజను భాగం దభీమని కింద పడింది. కట్టకు అవతల నిండా నీళ్లు.

మరునాడు అంతే బరువుతో, కట్ట తగలని చుట్టు దారిన కాంటాకు వెళ్లి, బండిని ముక్కలు ముక్కలుగా తూకం వేయించాను. కాంటా అబ్బాయి వింతగా చూశాడు గానీ కాదనలేదు. ట్రాలీ విప్పి ట్రాక్టరును మాత్రమే తూచినప్పుడు ముందు ఇరుసు మీద 820, వెనుక ఇరుసు మీద 1,280, మొత్తం 2,100 కిలోలు వచ్చాయి. ట్రాలీ తగిలించి, దాని చక్రాలను కాంటా బయటే ఉంచి, ట్రాక్టరు నాలుగు చక్రాలనూ ఎక్కిస్తే 3,600 చూపించింది. అంటే ట్రాలీ హుక్కు మీద మోపుతున్న బరువు 1,500 కిలోలు. ముందు చక్రాలను మాత్రమే ఎక్కిస్తే వచ్చింది 320.

హుక్కు వెనుక ఇరుసుకు ఇంకా వెనుక ఉంటుంది కాబట్టి, అక్కడ పడే బరువు గడ్డపారతో బండ లేపినట్టు ట్రాక్టరు ముందు భాగాన్ని పైకి లేపుతుంది. నా బండిలో వెనుక ఇరుసు నుంచి హుక్కు దాకా ఉన్న దూరం, ముందు ఇరుసుకూ వెనుక ఇరుసుకూ మధ్య ఉన్న దూరంలో మూడో వంతు. అందుకే 1,500లో మూడో వంతు, అంటే 500 కిలోలు, ముందు నుంచి తగ్గాయి. వెనుక ఇరుసు మీద 1,500 కాదు, 2,000 పెరిగి 3,280 అయ్యాయి. ఎత్తు ఎక్కేటప్పుడు ట్రాలీ వెనక్కి లాగే లాగుడు కూడా దీనికి తోడై, మిగిలిన ఆ 320ని కూడా తినేసింది. మొత్తం తూకం చీటీలో మాత్రం ట్రాలీ సరిగ్గా 6,000 కిలోలే ఉంది, ఆ చీటీలో ఒక్క తప్పూ కనిపించదు!

అసలు లోపం ట్రాలీ అడుగున పడుకుని చూస్తే తెలిసింది. పది అడుగుల డబ్బాను ముందు వైపు రెండు అడుగులు పొడిగించి, ఇరుసును మాత్రం పాత చోటే వదిలేశారు. దాంతో సరుకు బరువు ఇరుసుకు ముందుకు జరిగి హుక్కు మీద ఎక్కువగా పడుతోంది. కొత్త అతుకు మీద రంగు నున్నగా ఉంది, పక్కనే పాత చాసిస్ పట్టీ తుప్పు పొరలు పొరలుగా లేస్తోంది. ఖాళీ ట్రాలీ ఆర్సీలో 1,250 కిలోలు, కాంటా మీద 1,400. కొనేముందు వంద రూపాయలు పెట్టి ఖాళీ ట్రాలీని తూచి ఉంటే ఈ తేడా అప్పుడే బయటపడేది. ఆ పని చేయకపోవడం నా తప్పే. పైగా మోటారు వాహనాల చట్టం 113వ సెక్షన్ ప్రకారం, ఖాళీ బరువు ఆర్సీలోని అంకెను మించిన బండిని నడపడమే నేరం.

అడగడానికి వెళ్తే అమ్మినాయన "ముందర బరువు దిమ్మెలు కట్టుకో" అన్నాడు. దిమ్మెలు కడితే ముందు కొంత బరువు పెరుగుతుంది, నిజమే, కానీ వెనుక ఇరుసు మోస్తున్న భారంలో దాదాపు ఏమీ తగ్గదు. డబ్బు వెనక్కి ఇవ్వనన్నాడు.

చివరకు మరో మేస్త్రీ చేత ఇరుసును ఒక అడుగు ముందుకు జరిపించాను. హుక్కు మీద బరువు దాదాపు 1,000 కిలోలకు దిగింది, ముందు ఇరుసు 490 చూపించింది. ఆ తగ్గిన 500 ట్రాలీ టైర్ల మీదికే వెళ్తాయి కాబట్టి, టైర్ల మీద అచ్చు వేసిన లోడు అంకె చూసుకున్నాకే ఆ పని చేయించాను. ఇరుసును ఇంకా ముందుకు జరపమని మా తమ్ముడు అన్నాడు గానీ నేను ఒప్పుకోలేదు, హుక్కు మీద బరువు మరీ తగ్గితే దిగుడులో ట్రాలీ తోక ఊపుతుంది. పొడిగింపును ఇప్పుడు కోయించి, అప్పుడు హుక్కు మీద బరువు ఇంకా తగ్గుతుంది కాబట్టి ఇరుసును మళ్లీ పాత చోటికే జరిపించి, ఆర్టీఏ ఆఫీసుకు బండిని చూపించాల్సి ఉంది.

పోయిన వారం ఆ షెడ్డు ముందు నుంచి వచ్చాను. ఇంకో రెండు ట్రాలీలు అమ్మకానికి నిలబెట్టి ఉన్నాయి, రెండింటికీ డబ్బా ముందు భాగంలోనే రంగు కొత్తగా ఉంది.