తుంటి ఆకారానికి ఏది మేలు: హార్మోన్లతో ఆగడమా, వ్యాయామమా, సర్జరీనా?

ఈస్ట్రోజెన్ మొదలుపెట్టిన ట్రాన్స్ మహిళలు ఛాతీ తర్వాత ఎక్కువగా అడిగేది తుంటి గురించే. "ఏడాది దాటింది, పక్క నుంచి చూస్తే ఇంకా నిటారుగానే ఉన్నాను, సర్జరీ చేయించుకోనా?" అని కొందరు అడుగుతారు. "వ్యాయామం చేస్తే మళ్లీ మగవాళ్ల కండలు వస్తాయేమో" అని కొందరికి భయం. "ముందు ఒళ్లు చేసి తర్వాత తగ్గితే కొవ్వు సరైన చోట చేరుతుందట, నిజమేనా?" అనేవాళ్లు ఇంకొందరు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పడం కన్నా అన్నిటినీ పక్కపక్కన పెట్టి చూడటం మంచిదనిపించింది. నా మొగ్గు ఎటో ముందే చెప్పేస్తాను. నా మటుకు నేను ఎంచుకున్నది హార్మోన్లు, కడుపునిండా తిండి, పిరుదుల వ్యాయామం. కనీసం మూడేళ్లు ఇలా చూడకుండా సర్జరీ మాట ఎత్తకపోవడమే చాలామందికి మేలని నా నమ్మకం. ఇదంతా వయసు వచ్చాక మొదలుపెట్టినవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

ముందుగా ఎముక సంగతి తేల్చుకోవాలి. తుంటి ఎంత వెడల్పుగా కనిపిస్తుందనేది కటి ఎముక, దాన్ని పట్టుకున్న కండ, ఆ పైనున్న కొవ్వు, ఈ మూడూ కలిసి తేలుస్తాయి. యుక్తవయసులో ఈస్ట్రోజెన్ ఎక్కువగా ఉన్న ఒంట్లో కటి ఎముక వెడల్పుగా, తక్కువ ఎత్తుతో పెరుగుతుంది. టెస్టోస్టెరాన్ ఎక్కువగా ఉంటే ఇరుకుగా, ఎత్తుగా పెరుగుతుంది. కటి ఎముక పై అంచు దగ్గర ఎదుగుదల మామూలుగా ఇరవైల మొదట్లో ఆగిపోతుంది. ఆ తర్వాత హార్మోన్లు మొదలుపెడితే ఎముక వెడల్పు పెరుగుతుందని ఆశ పెట్టుకోకండి.

2016లో జ్యూరిక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. ఆడవాళ్ల కటి ఆకారం యుక్తవయసు నుంచి ముప్పైకి దగ్గరపడేదాకా కాన్పుకు అనువుగా మారుతుందని, నలభై దాటాక కొంత వెనక్కి వెళ్తుందని అందులో చూపించారు. దీన్ని పట్టుకుని "చూశారా, ఏ వయసులోనైనా హార్మోన్లతో ఎముక మారుతుంది" అనేవాళ్లున్నారు. ఆ అధ్యయనం ట్రాన్స్ మహిళల మీద చేసింది కాదు, దాని నుంచి అంత మాట అనడం కుదరదు. "కటి ముందుకు తిరిగింది" అని కొందరు చెప్పే అనుభవం కూడా ఇలాంటిదే. కండలు, నిలబడే తీరు మారి నడుము వెనక వంపు పెరిగితే పిరుదులు బయటికి తేలినట్టు కనిపించవచ్చు. అంతమాత్రాన ఎముక వెడల్పయినట్టు కాదు.

కాబట్టి మన చేతిలో ఉన్నవి కొవ్వు, కండ. హార్మోన్ల పని ఎక్కువగా కొవ్వు మీదే. పొట్ట మీది కొవ్వు నడిచి వెళ్లి తుంటిలో కూర్చుంటుందని చాలామంది అనుకుంటారు, అలా జరగదు. తుంటి, తొడల దగ్గర చర్మం కింది కొవ్వు కణాల్లో కొవ్వు కరగకుండా ఆపే రిసెప్టర్లను (కణం మీద ఉండి సంకేతాలు అందుకునే భాగాలను) ఈస్ట్రోజెన్ పెంచుతుంది. అక్కడ చేరిన కొవ్వు తేలిగ్గా కదలదు. మరోపక్క టెస్టోస్టెరాన్ తగ్గేసరికి పొట్ట లోపల కొవ్వు పేరుకునే ధోరణి కూడా తగ్గుతుంది. అంటే పాతది మెల్లగా ఖర్చవుతూ, కొత్తది కొత్త చోట నిలుస్తుంది. పెద్దవాళ్ల ఒంట్లో ఏటా దాదాపు పదో వంతు కొవ్వు కణాలే మారతాయి, అందుకే ఈ పని ఇంత నెమ్మది. తుంటి, తొడల కొవ్వు మార్పు 3 నుంచి 6 నెలల్లో మొదలై 2, 3 ఏళ్లకు గరిష్ఠానికి చేరుతుందని హార్మోన్ నిపుణుల సంఘమైన ఎండోక్రైన్ సొసైటీ 2017 మార్గదర్శకాలు చెబుతాయి. ట్రాన్స్ మనుషుల వైద్యం చూసే నిపుణుల అంతర్జాతీయ సంఘం డబ్ల్యూపాత్ 2022లో తెచ్చిన వైద్య ప్రమాణాల ఎనిమిదో కూర్పులో ఆ గడువు 2 నుంచి 5 ఏళ్లు. ఏడాదికే తీర్పు చెప్పేయడం తొందరపాటు అనేది ఇందుకే.

ఇక నా దృష్టిలో అసలు తేల్చేది ఏమిటో చెబుతాను. అది మాత్రల బ్రాండూ కాదు, ఇంజెక్షనా, చర్మానికి అంటించే ప్యాచా అన్నదీ కాదు. మీరు సరిపడా తింటున్నారా లేదా అన్నదే.

యూరప్‌లోని కొన్ని కేంద్రాలు కలిసి చేసి 2018లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఏడాది హార్మోన్ల తర్వాత ట్రాన్స్ మహిళలకు కాళ్లలో కొవ్వు సగటున 42 శాతం, తుంటి, పిరుదుల ప్రాంతంలో 34 శాతం పెరిగింది. పొట్ట ప్రాంతంలో కూడా 18 శాతం పెరిగింది. ఈ మూడో అంకెను ఎవరూ పట్టించుకోరు, నాకు మాత్రం అదే ముఖ్యం. కొవ్వు ఒక చోట తగ్గి ఇంకో చోట పెరగలేదు, అన్నిచోట్లా పెరిగింది. కింద ఎక్కువ పెరిగింది కాబట్టి ఆకారం మారింది. ఆ ఏడాదిలో నడుము, తుంటి కొలతల నిష్పత్తి సగటున 0.03 తగ్గింది. చిన్న అంకెలా కనిపిస్తుంది గానీ లెక్క వేసి చూడండి. నడుము 80, తుంటి 92 సెంటీమీటర్లు ఉన్న మనిషికి నిష్పత్తి 0.87. నడుము అలాగే ఉండి నిష్పత్తి 0.84కి రావాలంటే తుంటి 95కి చేరాలి. చుట్టుకొలతలో 3 సెంటీమీటర్లు అంటే బట్టల్లో తెలిసే తేడానే. అదీ మొదటి ఏడాదికే.

ఇప్పుడు ఒక పలచటి అమ్మాయిని ఊహించుకోండి. పొట్ట రాకూడదని, మొహం గుండ్రంగా అవకూడదని రాత్రి భోజనం మానేస్తుంది. "నాకు హార్మోన్లు పనిచేయట్లేదు" అని బాధపడుతుంది. హార్మోను మేస్త్రీ లాంటిది, గోడ ఎక్కడ లేపాలో దానికి తెలుసు. కానీ ఇటుకలు కంచంలోంచే రావాలి. సన్నగా ఉన్నవాళ్లకు నేను చెప్పేది ఒకటే: నెలకు అర కిలో మించకుండా, మెల్లగా బరువు పెరగనివ్వండి. పొట్ట కాస్త వస్తుంది, రానివ్వండి. ట్రాన్స్ మనుషుల్లో తిండికి సంబంధించిన మానసిక సమస్యలు మామూలు కన్నా ఎక్కువగా కనిపిస్తాయి. అందుకే ఈ మాట గట్టిగా చెబుతున్నాను. తినాలంటేనే టెన్షన్‌గా ఉంటే తుంటి సంగతి పక్కన పెట్టి ముందు దానికి సాయం తీసుకోండి.

మొదలుపెట్టేటప్పటికే బరువు ఎక్కువున్నవాళ్లకు దారి వేరు. వాళ్ల దగ్గర ఇటుకలకు కొదవ లేదు. హార్మోన్లు కుదురుకున్నాక నెమ్మదిగా తగ్గితే పొట్ట లోపలి కొవ్వు ముందు కరిగి, తుంటిది కాస్త నిలబడే అవకాశం ఉంది. హడావిడిగా తగ్గితే కొవ్వుతో పాటు కండా పోతుంది, తుంటీ పోతుంది. బరువు పెంచి, దించి, మళ్లీ పెంచే పద్ధతి గురించి చాలామంది నమ్మకంగా చెబుతారు. ట్రాన్స్ మహిళల్లో అది పనిచేస్తుందని చూపిన అధ్యయనం లేదు. దించిన ప్రతిసారీ కొంత కండ పోయే అవకాశం మాత్రం ఉంది. నేను దాని జోలికి వెళ్లను, ఎవరినీ వెళ్లమనను.

డోసు పెంచితే తుంటి పెరుగుతుందా? పెరగదు. రక్తంలో ఈస్ట్రడయాల్ మిల్లీలీటరుకు 100 నుంచి 200 పీకోగ్రాములు, టెస్టోస్టెరాన్ డెసిలీటరుకు 50 నానోగ్రాముల లోపు ఉండాలని ఎండోక్రైన్ సొసైటీ చెబుతుంది. ఆ హద్దులోకి వచ్చాక ఇంకా పైకి తోసుకుంటూ పోతే రక్తం గడ్డకట్టే ప్రమాదమే పెరుగుతుంది. మాత్ర, ప్యాచ్, ఇంజెక్షన్ మధ్య తుంటి విషయంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. వయసు పైబడినవాళ్లకు, పొగ తాగేవాళ్లకు, ఇంట్లో ఎవరికైనా రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లకు ప్యాచ్ మేలు. ఆడవాళ్ల ఒంట్లో ఉండే ఇంకో హార్మోను ప్రొజెస్టెరాన్ వల్ల తుంటి వస్తుందనడానికి ఆధారం లేదు.

వ్యాయామం గురించి భయం వదిలేయండి. టెస్టోస్టెరాన్ తగ్గిన ఒంట్లో కండ దానంతట అది ఉబ్బిపోదు, కష్టపడితే గానీ రాదు. పిరుదుల్లోని పెద్ద కండ, దాని పైపక్కన ఉండే మధ్య కండ, ఈ రెండూ పెరిగితే వెనక గుండ్రదనం, పక్కన పైభాగంలో కొంచెం నిండుదనం వస్తాయి. హిప్ థ్రస్ట్ (వీపు బెంచీకి ఆనించి తుంటిని పైకి ఎత్తడం), స్క్వాట్, లంజ్ (ఒక కాలు ముందుకు వేసి మోకాళ్లు వంచి దిగడం), పక్కకు పడుకుని కాలు ఎత్తడం చాలు. బరువు కొద్దికొద్దిగా పెంచుకుంటూ వారానికి రెండు మూడు సార్లు చేయండి. ఇంకో పెద్ద లాభం ఎముక బలం. హార్మోన్లు అప్పుడప్పుడూ మానేసేవాళ్లకు ఎముకలు పలచబడే ముప్పు ఉంటుంది, బరువులతో చేసే వ్యాయామం దానికి కొంత అడ్డుకట్ట వేస్తుంది. ఒక్క విషయంలో మాత్రం ఆశ పెంచుకోకండి. తుంటికి, తొడకి మధ్య పక్కన కనిపించే చిన్న గుంట చాలావరకు ఎముక అమరిక వల్ల వస్తుంది. ఎన్ని స్క్వాట్లు చేసినా అది పూడదు. పుట్టుకతో ఆడవాళ్లయిన ఎందరికో అది ఉంటుంది, అది లోపం కాదు.

ప్యాడ్లు: పెట్టుకున్న రోజే ఫలితం, ప్రమాదం లేదు, మిగతా ఏ దారికీ అడ్డు రావు. ఎదురుచూసే కాలానికి మంచి తోడు.

ఇక సర్జరీ. రెండు రకాలున్నాయి. పొట్ట, నడుము నుంచి కొవ్వు తీసి తుంటికి, పిరుదులకు ఎక్కించడం ఒకటి, సిలికాన్ ఇంప్లాంట్లు పెట్టడం రెండోది. ఇంప్లాంట్లు పక్కకు జరగడం, ఇన్ఫెక్షన్ రావడం లాంటి ఇబ్బందులున్నాయి. నాకైతే వాటి మీద మొగ్గు లేదు. కొవ్వు ఎక్కించడం మీద నాకు వ్యతిరేకత లేదు. వేళ మీదే నా పట్టుదల. ఎక్కించిన కొవ్వులో కొంత మొదటి నెలల్లోనే ఒళ్లు పీల్చేసుకుంటుంది, మిగిలింది మామూలు కొవ్వులాగే మీ బరువుతో పాటు పెరుగుతుంది, తగ్గుతుంది. హార్మోన్ల పని నడుస్తుండగానే చేయించుకుంటే, రెండేళ్లలో అదే చోటికి రాబోయే దాన్ని ముందుగా కత్తితో కొనుక్కున్నట్టు. పైగా బాగా సన్నగా ఉన్నవాళ్ల దగ్గర తీయడానికి కొవ్వే ఉండదు. తిండి సంగతి ఇక్కడ కూడా వదలదు.

ప్రమాదం గురించి మొహమాటం లేకుండా చెప్పాలి. పిరుదులకు కొవ్వు ఎక్కించే సర్జరీలో ప్రతి 3000 మందిలో ఒకరి దాకా చనిపోతున్నట్టు 2017లో సర్జన్ల మధ్య జరిగిన సర్వే అంచనా వేసింది. సౌందర్య సర్జరీల్లో అంత పెద్ద అంకె అరుదు. కండ లోపలికి ఎక్కించిన కొవ్వు పెద్ద సిరల్లోకి దూరి గుండెకు, ఊపిరితిత్తులకు చేరడమే కారణం. అందుకే చర్మం కిందే ఎక్కించాలి, కండలోకి వెళ్లకూడదని 2018లో ప్లాస్టిక్ సర్జన్ల సంఘాలు కలిసి హెచ్చరించాయి.

ద్రవ సిలికాన్‌ను సూదితో ఎక్కించుకోవడాన్ని నేను ఈ పోలికలో చేర్చను. అది ఊపిరితిత్తులకు పాకి ప్రాణం తీయగలదు, ఏళ్ల తర్వాత కూడా గడ్డలు కట్టి చర్మం కుళ్లేలా చేయగలదు. ఒకసారి ఒంట్లోకి వెళ్లాక పూర్తిగా తీయడం దాదాపు అసాధ్యం. ఒంటి ఆకారం కోసం దాన్ని వాడొద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లో హెచ్చరించింది. తక్కువ ఖర్చులో, ఒక్క పూటలో అయిపోతుందని ఎవరైనా పిలిస్తే దయచేసి వెళ్లకండి. మీ స్నేహితులను వెళ్లనివ్వకండి.

ట్రాన్స్ పురుషులకు లెక్క తిరగబడుతుంది. అదే 2018 అధ్యయనంలో ఏడాది టెస్టోస్టెరాన్ తర్వాత కాళ్ల కొవ్వు 16 శాతం, తుంటి ప్రాంతంలో 14 శాతం తగ్గింది, పొట్ట కొవ్వు మారలేదు. ఎముక ఇరుకు కాదు. భుజాలు, వీపు కండ పెంచుకుంటే తుంటి చిన్నగా కనిపిస్తుంది, అదే వాళ్లకు మంచి దారి.

ఏ దారి పట్టినా కొలతలు రాసిపెట్టుకోండి. రోజూ అద్దంలో చూసుకునే కంటికి నెమ్మది మార్పు తెలియదు. నడుముని కింది పక్కటెముకకీ తుంటి ఎముక పై అంచుకీ మధ్యలో కొలవండి. తుంటిని పిరుదులు అన్నిటికన్నా వెడల్పుగా ఉన్నచోట కొలవండి. మూడు నెలలకోసారి కొలిస్తే చాలు. మూడేళ్లు దాటి, హార్మోన్ స్థాయిలు హద్దులో ఉండి, బాగా తింటూ ఉన్నా ఏడాదిగా తుంటి కొలత కదలకపోతే, ఇంకా మీకు తృప్తి లేకపోతే, అప్పుడు సర్జన్ దగ్గరికి వెళ్లండి. ఆ కొలతల కాగితం, రక్త పరీక్ష రిపోర్టులు వెంట తీసుకెళ్లండి. కొవ్వు ఎక్కడి నుంచి తీస్తారు, ఎంత ఎక్కిస్తారు, అది కండలోకి పోకుండా అల్ట్రాసౌండ్ పెట్టి చూస్తూ చేస్తారా, హార్మోన్లు ఎప్పుడు ఆపాలి, ఎప్పుడు మళ్లీ మొదలుపెట్టాలి అని అడగండి. అల్ట్రాసౌండ్ గురించి సూటిగా జవాబు రాకపోతే ఇంకో సర్జన్‌ని చూసుకోండి.