కన్‌స్ట్రక్టర్‌లోంచి ఓవర్‌రైడ్ మెథడ్‌ని పిలవడం: ఎనిమిదేళ్ల వాడకం తర్వాత నా మాట

కాశీబుగ్గలో జీడిపిక్కలు కొనే వ్యాపారులకు తూకం చీటీల సాఫ్ట్‌వేర్ రాసిస్తుంటాను. 2017లో జావా 8 మీద మొదలుపెట్టినప్పుడు ‘చీటీ’ అనే బేస్ క్లాస్ (మిగతా క్లాసులకు పునాదిగా ఉండే నమూనా) రాశాను. దాని కన్‌స్ట్రక్టర్, అంటే ఆబ్జెక్ట్ పుట్టేటప్పుడు నడిచే కోడ్, బస్తాల సంఖ్యను దాచుకుని, వెంటనే ‘లెక్కకట్టు’ మెథడ్‌ని పిలిచేది. దాని మీద కట్టిన పిక్కల చీటీ, పప్పు చీటీ అనే సబ్‌క్లాసులు ఆ మెథడ్‌ని తమకు కావలసినట్టు తిరగరాసుకునేవి, అంటే ఓవర్‌రైడ్ చేసుకునేవి. ఆబ్జెక్ట్ పుట్టేసరికే లెక్క సిద్ధం. విడిగా పిలవడం మర్చిపోతామన్న బెంగ లేదు. నాకు చాలా నచ్చిన పద్ధతి అది. నాలుగు సీజన్లు ఒక్క ఫిర్యాదూ రాలేదు. అన్నాళ్లు సరిగ్గా నడవడమే ఇందులో అసలు ప్రమాదమని ఇప్పుడు గట్టిగా చెప్పగలను.

ఉద్దానంలో పిక్కల బస్తా అంటే 80 కేజీలు. ధర కూడా బస్తా లెక్కనే మాట్లాడుకుంటారు. అందుకే పిక్కల చీటీలో బస్తా బరువును ఫైనల్ ఇంట్ ఫీల్డ్‌గా (ఒకసారి విలువ ఇచ్చాక మార్చలేని పూర్ణసంఖ్యగా) పెట్టి, పక్కనే 80 అని రాసేశాను. 2021లో ఒక షావుకారు వేరే బరువు నింపిన బస్తాలు కూడా కొంటున్నామని, బరువు మార్చుకునే వీలు కావాలని అడిగారు. ఆ 80 తీసేసి, బరువు సబ్‌క్లాస్ కన్‌స్ట్రక్టర్‌కి ఆర్గ్యుమెంట్‌గా వచ్చేలా మార్చి పంపాను. పది నిమిషాల పని.

మర్నాడు పొద్దున్నే కాటా దగ్గర్నుంచి గుమస్తా ఫోన్. “బావూ, ఇదేటి, బస్తాలు నలభై రెండు బాగానే ఉన్నాయి గానీ కేజీలు సున్నా కొడతంది. రైతు ఇక్కడే నిలబడి ఉన్నాడు.”

అప్పటికి పాత జార్ ఫైల్ (మార్పుకి ముందున్న ప్రోగ్రామ్) పెట్టించి, రాత్రి డీబగ్గర్ తెరిచి ఒక్కో లైనూ నడిపించాను. ‘లెక్కకట్టు’ లోపల బరువు 0. బేస్ కన్‌స్ట్రక్టర్ ముగిసి సబ్‌క్లాస్‌లోకి వచ్చాక రెండు అడుగులు వేస్తే అదే బరువు 80. ఫైనల్ అని రాసుకున్న ఫీల్డ్ ఒకే ఆబ్జెక్ట్‌లో రెండు విలువలు చూపించింది. జావా ముందు మెమరీ అంతా సున్నా చేస్తుంది, తర్వాత బేస్ కన్‌స్ట్రక్టర్ నడుపుతుంది, ఆ తర్వాతే సబ్‌క్లాస్ ఫీల్డులు నింపుతుంది. కానీ మెథడ్ పిలుపు మాత్రం బేస్‌లో ఉండగానే నేరుగా సబ్‌క్లాస్‌కి వెళ్లిపోతుంది. 42 ఇంటూ సున్నా.

మరి నాలుగేళ్లు ఎలా పనిచేసింది? దీనికి జవాబు దొరికినప్పుడు నిజంగా ఒళ్లు జలదరించింది. ఫైనల్ ఫీల్డ్ పక్కనే 80 అని రాస్తే కంపైలర్ దాన్ని స్థిర సంఖ్యగా తీసుకుని, ఫీల్డ్ పేరున్న చోటల్లా నేరుగా 80 పెట్టేస్తుంది. అన్ని సీజన్లలోనూ ఆ ఫీల్డ్‌ని ఎవరూ చదవనే లేదు. తప్పు మొదటిరోజు నుంచీ ఉంది, నా మార్పు దాన్ని బయటపెట్టిందంతే.

తర్వాత కాటా నుంచి బరువు చదివే ప్రోగ్రామ్ సీ ప్లస్ ప్లస్‌లో రాశాను. అక్కడ పద్ధతి వేరు. బేస్ కన్‌స్ట్రక్టర్ నడుస్తున్నంతసేపూ ఆబ్జెక్ట్ బేస్ రకంగానే ఉంటుంది, కాబట్టి బేస్ మెథడే నడుస్తుంది. సున్నాలు చదివే ప్రమాదం తప్పుతుంది గానీ, మనం రాసిన ఓవర్‌రైడ్ చడీచప్పుడు లేకుండా పక్కకు పోతుంది. సీ షార్ప్‌లో పిలుపు జావాలాగే కిందికి వెళ్తుంది, కాకపోతే సబ్‌క్లాస్ ఫీల్డుల పక్కన రాసిన విలువలు బేస్ కన్‌స్ట్రక్టర్ కంటే ముందే నిండుతాయి. కన్‌స్ట్రక్టర్ లోపల ఇచ్చినవి మాత్రం అక్కడా అందవు. ఒక భాషలో అలవాటైన చెయ్యి ఇంకో భాషలో దెబ్బతింటుంది.

2023లో జేడీకే 21 (జావా 21వ వెర్షన్) వచ్చాక, ఆబ్జెక్ట్ పూర్తిగా సిద్ధం కాకముందే సబ్‌క్లాస్ కోడ్ చేతికి చిక్కవచ్చని జావా కంపైలరే ‘దిస్ ఎస్కేప్’ అనే హెచ్చరిక ఇస్తోంది. అడక్కుండా రాదు, లింట్ ఆప్షన్ (కంపైలర్‌ని అదనపు హెచ్చరికలు ఇమ్మని అడిగే సెట్టింగ్) పెట్టాలి. పబ్లిక్ కాని క్లాసుల విషయంలో నోరు విప్పదు. అయినా తప్పకుండా పెట్టుకోండి, నాకు 2017లో ఇది ఉంటే ఎంత బాగుండేది. జేడీకే 25లో సూపర్ పిలుపుకి, అంటే సబ్‌క్లాస్ బేస్ కన్‌స్ట్రక్టర్‌ని పిలవడానికి, ముందే సొంత ఫీల్డులు నింపుకోవచ్చు. నా పాత కోడ్‌ని అలా మార్చి చూస్తే కేజీలు సరిగ్గానే వచ్చాయి. కానీ సబ్‌క్లాస్ రాసే ప్రతివాళ్లూ అది గుర్తుంచుకోవాలి కాబట్టి నేను దానిమీద ఆధారపడను.

ఈ పద్ధతిని ఎవరికీ సిఫారసు చేయను. కన్‌స్ట్రక్టర్‌లోంచి పిలవాల్సే వస్తే సబ్‌క్లాస్ ఓవర్‌రైడ్ చేయలేని ప్రైవేట్ మెథడ్‌నో ఫైనల్ మెథడ్‌నో పిలవండి, అది లోపల మళ్లీ ఓవర్‌రైడ్ అయ్యేదాన్ని పిలవడం లేదని కూడా చూసుకోండి. నేను మొత్తం కేజీల ఫీల్డే తీసేసి, అడిగినప్పుడు లెక్కకట్టి ఇచ్చేలా మార్చాను. నా పాత టెస్టులన్నిట్లో బస్తా 80 కేజీలే ఉండేది. ఇప్పుడు ఒక్కో టెస్టులో ఒక్కో బరువు ఇస్తున్నాను.