పాత పీహెచ్‌పీ కోడ్ బాగుచేయాలంటే ఏ ఏజెంట్ మేలు?

కొన్ని నెలలుగా నన్ను చాలామంది ఒకటే అడుగుతున్నారు. నల్లగొండ ఐటీ టవర్ దగ్గర కలిసే తమ్ముళ్లు, మహబూబ్‌నగర్ నుంచి ఫోన్ చేసేవాళ్లు, అందరిదీ అదే ప్రశ్న: "అన్నా, పాత కోడ్ శుభ్రం చేయడానికి కర్సర్ తీసుకోవాలా, క్లాడ్ కోడ్ తీసుకోవాలా, లేకపోతే కోడెక్స్‌కు అప్పగించి పడుకోవాలా?" ఇవన్నీ మనం చెప్పినట్టు కోడ్ చదివి, మార్చే ఏఐ టూల్స్, వీటినే ఏజెంట్లు అంటున్నాం. మిర్యాలగూడ వైపు రైస్ మిల్లుల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చూసుకోవడం నా పని. యాసంగి వడ్లు దిగకముందే ఆ కోడ్‌ను ఏజెంట్లతో బాగుచేయించాను. అన్ని రకాలూ వాడి చూశాను కాబట్టి రాస్తున్నాను.

ముందు కోడ్ సంగతి. 2014లో మొదలైంది, పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాష 5.6 వెర్షన్ మీద. ఆ వెర్షన్‌కు 2018 చివరితో సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి. 2017 జులై 1న జీఎస్టీ వచ్చినా వ్యాట్ లెక్కల ఫంక్షన్లు ఇంకా లోపలే ఉన్నాయి. బిల్లు లెక్క ఒకే చోట ఉండాల్సింది మూడు ఫైళ్లలో, మూడు కాపీలుగా ఉంది. ఇలాంటివి మీ దగ్గరా ఉంటాయి, వివరం అక్కర్లేదు.

ఏజెంట్ కంటే ముందు రెక్టర్ నడపండి. ఇది ఏఐ కాదు. రాసిపెట్టిన నియమాల ప్రకారం పాత సింటాక్స్‌ను (కోడ్ రాసే తీరును) కొత్త సింటాక్స్‌లోకి మార్చే ఉచిత టూల్. పదిసార్లు నడిపినా ఒకే ఫలితం ఇస్తుంది. వందల ఫైళ్లలో ఒకే రకం మార్పు చేయాలంటే దీన్ని మించింది లేదు. ఆ పని ఏజెంట్‌తో చేయిస్తే టోకెన్లు (ఏఐ వాడకాన్ని లెక్కించే యూనిట్లు) వృథా, పైగా యాభయ్యో ఫైల్ దగ్గర అది ఇంకోలా రాయదన్న నమ్మకం లేదు.

అయితే రెక్టర్‌కు అర్థం తెలియదు. పీహెచ్‌పీ 8లో ఖాళీ స్ట్రింగ్‌ను సున్నాతో పోలిస్తే సమానం కాదని వస్తుంది. అంతకుముందు సమానమనే వచ్చేది. మా కోడ్‌లో తేమ శాతం గడి ఖాళీగా వదిలితే "సున్నా ఉంది, నింపండి" అని ఆపే షరతు ఒకటి ఉంది. పీహెచ్‌పీ 8లో ఆ షరతు చప్పుడు లేకుండా పనిచేయడం మానేస్తుంది. ప్రభుత్వ కొనుగోళ్లలో వడ్లకు 17 శాతం తేమే పరిమితి. ఆ గడి ఖాళీగా వెళ్తే మిల్లుకు ఎంత తలనొప్పో నాకు తెలుసు. ఇలాంటివి వెతికి పట్టడానికే ఏజెంట్ కావాలి. "ఫారం నుంచి వచ్చే విలువను సున్నాతో పోల్చే చోట్లన్నీ చూపించు, మార్చొద్దు" అని అడిగితే పదిహేడు చోట్లు చూపించింది. నేనే వెతికితే రెండు రోజులు పట్టేది.

ఇక ఏజెంట్లలో నాకు మూడు తరహాలు కనిపించాయి. కర్సర్, కోపైలట్ లాంటివి ఎడిటర్‌లోనే ఉంటాయి. ప్రతి మార్పూ కళ్ల ముందే జరుగుతుంది. కోడ్ కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లకు ఇవే మంచివి. కోడెక్స్ క్లౌడ్, కోపైలట్ కోడింగ్ ఏజెంట్ లాంటివి క్లౌడ్ ఏజెంట్లు, వాళ్ల సర్వర్లలో పనిచేసి పుల్ రిక్వెస్ట్ (మార్పులన్నీ చూసి ఒప్పుకోమని అడిగే మూట) పంపుతాయి. క్లాడ్ కోడ్, కోడెక్స్ సీఎల్ఐ మన మెషీన్‌లో, కమాండ్లు టైప్ చేసే టెర్మినల్‌లో నడుస్తాయి. జూల్స్ రెండో తరహాలోదే, ఏడర్ మూడో తరహాలోది. వాటిని ఎక్కువగా వాడలేదు. ఖర్చు సంగతి పెద్దగా పట్టించుకోకండి. నేను చూసినప్పుడు వ్యక్తిగత ప్లాన్లు నెలకు 10, 20 డాలర్ల దగ్గర మొదలయ్యేవి. మోడల్ తెలివి గురించి కూడా అంత వాదన వద్దు, కొన్ని నెలలకోసారి వరుస మారుతూనే ఉంది.

నా మటుకు తేల్చేది ఒక్కటే. ఏజెంట్ చేసిన మార్పు సరైనదో కాదో నేను ఎంత తొందరగా, ఎంత నమ్మకంగా సరిచూడగలను?

ఇది ఎందుకంత ముఖ్యమో చెప్తాను. 2022 జులై 18 నుంచి 25 కిలోలు, అంతకు తక్కువ ఉన్న లేబుల్ బియ్యం బస్తాలకు 5 శాతం జీఎస్టీ ఉంది. మార్కెట్లో 26 కిలోల బస్తాలు ఎందుకు కనిపిస్తున్నాయో మన దగ్గర కిరాణా కొట్టువాళ్లకూ తెలుసు. మా కోడ్‌లోని మూడు కాపీల్లో రెండింట "25 కంటే తక్కువ" అని ఉంది, ఒకదాంట్లో "25 లేదా అంతకు తక్కువ" అని ఉంది. నిజంగా వాడుకలో ఉన్న కాపీ ఆ మూడోదే. మూడింటినీ ఒకటి చేయమని ఒక ఏజెంట్‌కు చెప్పాను. అది ఎక్కువ చోట్ల ఉన్నదే సరైనదనుకొని, మొదటి షరతు ఉంచి, చక్కటి కామెంట్ కూడా రాసింది. కోడ్ చూడముచ్చటగా ఉంది. అదే పుల్ రిక్వెస్ట్‌లో ఇంకో నలభై ఫైళ్లు ఉన్నాయి. "లేదా సమానం" అనే ఆ ఒక్క గుర్తు పోవడం నా కంటికి దొరకలేదు. రెండు రోజులపాటు సరిగ్గా 25 కిలోల బస్తాల బిల్లులన్నీ పన్ను లేకుండా వెళ్లాయి. గుమాస్తా లెక్క కట్టేటప్పుడు పట్టుకున్నాడు. ఆ బిల్లులన్నీ మళ్లీ కొట్టి, కొన్నవాళ్లకు ఫోన్లు చేశాం. ఆ రెండు రోజుల టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేదు.

తప్పు ఏజెంట్‌ది మాత్రమే కాదు, సరిచూసే ఏర్పాటు లేకుండా పని అప్పగించిన నాది కూడా. తర్వాత ఒక పని చేశాను. పాత బిల్లులు మూడు వందలు తీశాను. రైతుల పేర్లు, ఆధార్, బ్యాంక్ నంబర్లు తీసేసి ఒక ఫైల్‌లో పెట్టాను. ఏజెంట్ చదివిన ఫైల్ ఆ కంపెనీ సర్వర్‌కు వెళ్తుంది, ఇది మర్చిపోవద్దు. ఏ మార్పు చేసినా ఆ మూడు వందల బిల్లులూ మళ్లీ లెక్కకట్టి, పైసాతో సహా పాత మొత్తంతో పోల్చే స్క్రిప్ట్ రాయించాను. ఏజెంటే అరగంటలో రాసింది. దాన్ని ముట్టుకోవద్దని ఏజెంట్ కోసం పెట్టిన సూచనల ఫైల్‌లో రాశాను, అయినా ప్రతి కమిట్‌లో (సేవ్ చేసిన ప్రతి మార్పులో) ఆ స్క్రిప్ట్ ఉన్న ఫోల్డర్ మారిందేమో చూస్తాను. టెస్ట్ ఫెయిలైతే కోడ్‌కు బదులు టెస్ట్‌నే మార్చేసిన సందర్భాలు చూశాను.

ఈ లెక్కన చూస్తే క్లౌడ్ ఏజెంట్ మాకు కుదరలేదు. వేబ్రిడ్జి నుంచి బరువు మా కంప్యూటర్ సీరియల్ పోర్ట్ ద్వారా వస్తుంది. ఆ పోర్ట్ వాళ్ల సర్వర్‌లో ఎక్కడిది? పని పూర్తయ్యాకే చేతికిస్తుంది కాబట్టి మార్పు కొండంత అవుతుంది. డిపెండెన్సీల (మన కోడ్ వాడుకునే బయటి లైబ్రరీల) వెర్షన్లు పెంచడం, డాక్యుమెంట్లు రాయించడం లాంటి వాటికి మాత్రం ఇప్పటికీ దాన్నే వాడుతున్నాను. బాగా చేస్తుంది.

టెర్మినల్ ఏజెంట్ నా డేటాబేస్ కాపీ మీద, నా పోర్ట్‌తో, నా స్క్రిప్ట్ నడిపి, ఫెయిలైతే తానే చూసుకొని మళ్లీ చేస్తుంది. ఒక ఫంక్షన్, ఒక కమిట్ అని గిరిగీశాను. డిఫ్ (ఏమేం మారిందో చూపే జాబితా) ఒక స్క్రీన్ దాటితే వెనక్కి పంపుతాను. అందుకే నా ఓటు దీనికే. ఎడిటర్ ఏజెంట్‌తో కూడా ఇలా చేయొచ్చు, కానీ నేను వాడిన తీరులో పక్కనే కూర్చుని ప్రతిదానికీ సరే అనాల్సి వచ్చింది. ఇద్దరే ఉన్న మాలాంటి చోట అంత తీరిక ఉండదు.

వాడని కోడ్ తీసేయించేటప్పుడు మరీ జాగ్రత్త. నెలాఖరు సీఎంఆర్ (ప్రభుత్వ వడ్లను మిల్లులు ఆడించి తిరిగిచ్చే బియ్యం) రిపోర్ట్ ఫంక్షన్‌ను కోడ్‌లో ఎవరూ పిలవరు. సర్వర్‌లోని క్రాన్, అంటే పెట్టిన టైముకు పనులు నడిపే ప్రోగ్రాం, పిలుస్తుంది. ఏ ఏజెంట్ చూసినా అది చచ్చిన కోడే అంటుంది. క్రాన్ జాబితా కాపీ ఒకటి కోడ్ ఉండే రిపోలో పెట్టాక ఆ సమస్య పోయింది.

మొత్తం కోడ్‌ను వేరే భాషలో కొత్తగా రాయించుకుందామని కూడా కొందరు అడుగుతున్నారు. వద్దు.

ఇంక మిగిలింది తెలంగాణ జిల్లాల జాబితా. పదకొండు ఫైళ్లలో నేరుగా రాసి ఉంది. కొన్నింట్లో పాత 10 జిల్లాలు, కొన్నింట్లో 31, 2019లో వచ్చిన నారాయణపేట ఒక్క దాంట్లోనే ఉంది. ఒకే టేబుల్‌లోకి తెమ్మంటే ఏజెంట్ మంచి ప్లానే ఇచ్చింది, దాంతో పాటు పాత బిల్లుల్లో సూర్యాపేట చిరునామాలకు ఉన్న "నల్లగొండ"ను కూడా సరిచేస్తానంది. కానీ కొత్త జిల్లాలు వచ్చేదాకా సూర్యాపేట నల్లగొండ జిల్లాలోదే. సూచనల ఫైల్‌లో ఒక వాక్యం చేర్చాను: 2016 అక్టోబర్ 11కు ముందు బిల్లు మీద ఏ జిల్లా పేరుంటే అదే ఉండాలి.